సోదా, స్వాధీనం, సాక్ష్యం: ‘సాంకేతిక కారణాల’ వాదానికి ఖండన

గోదావరి జిల్లాల్లో గంజాయి కేసులోనో హత్య కేసులోనో కింది కోర్టు విధించిన శిక్షను హైకోర్టు కొట్టివేసిందన్న వార్త వెలువడినప్పుడల్లా, దాని వెంటే ఒక వ్యాఖ్యానం ప్రచారంలోకి వస్తుంది. ముద్దాయి నిర్దోషి కావడం వల్ల బయటపడలేదని, సోదా జరిపిన అధికారి కాగితాలు సరిగ్గా రాయకపోవడం వల్ల, అంటే కేవలం సాంకేతిక కారణాల వల్ల తప్పించుకున్నాడని ఆ వ్యాఖ్యానం సారాంశం. టీ కొట్టు దగ్గర వినిపించే ఈ మాట పత్రికల శీర్షికల్లోకి, రాజకీయ ఉపన్యాసాల్లోకి, ఒక్కోసారి చదువుకున్నవారి చర్చల్లోకి కూడా చేరి, ఎవరూ ప్రశ్నించనవసరం లేని సత్యంలాగా స్థిరపడిపోయింది. ఆ స్థిరత్వానికి తగిన ఆధారం దానికి లేదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఖండించదలచిన వాదాన్ని మొదట దాని బలమైన రూపంలో నిలబెట్టడం మన శాస్త్ర సంప్రదాయం కనుక, పూర్వపక్షాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం అవసరం. దానిలో మూడు అంశాలున్నాయి. మనిషి అబద్ధమాడవచ్చు గాని వస్తువు అబద్ధమాడదని, ఎలా పట్టుకున్నా గంజాయి గంజాయేనని, కత్తి కత్తేనని, కాబట్టి అది దొరికిన తీరును ప్రశ్నించడం అసలు విషయాన్ని దాటవేయడమేనని మొదటి అంశం. అర్ధరాత్రి జాతీయ రహదారి మీద లారీని ఆపిన సబ్‌ఇన్‌స్పెక్టరు ఒక చేత టార్చిలైటు, మరో చేత చట్టం పుస్తకం పట్టుకుని నిలబడలేడని, పోలీసుల మీద అపనమ్మకంతో పుట్టిన నియమాలు ఆచరణలో నేరస్థులకు కవచాలవుతున్నాయని రెండో అంశం. సాక్షులను కళ్లారా చూసి, వారి మాటను చెవులారా విన్న సెషన్స్ జడ్జి నమ్మిన సాక్ష్యాన్ని, ఏళ్ల తరువాత కట్టలు విప్పి కాగితాలు మాత్రమే చదివే అప్పీలు కోర్టు తేదీల తేడాలు, సంతకాల లోపాలు చూపి తోసిపుచ్చడం సబబు కాదని మూడో అంశం.

ఈ మూడూ వినడానికి ఇంగితజ్ఞానంలాగే ఉంటాయి. అయితే మొదటిది ఋజువు అంటే ఏమిటో మరిచిపోతుంది, రెండోది మన చట్టం నిజంగా ఏం చెబుతుందో చూడదు, మూడోది అప్పీలు దేనికోసం ఉందో విస్మరిస్తుంది.

ముందుగా మాటల అర్థాలు తేల్చుకోవాలి. నేరానికి సంబంధించిన వస్తువు కోసం మనిషి ఒంటినో ఇంటినో వాహనాన్నో వెతకడం సోదా. దొరికిన దాన్ని చట్టం పేరుతో అధికారి తన అధీనంలోకి తీసుకోవడం స్వాధీనం. సోదా చేసే ఇంటికి చుట్టుపక్కల నివసించే, కేసుతో సంబంధం లేని, గౌరవనీయులైన ఇద్దరిని పిలవాలని, వారి సమక్షంలో వెతకాలని, దొరికిన ప్రతి వస్తువునూ జాబితా రాసి వారి సంతకాలు తీసుకోవాలని, ఇంటి యజమానికి ఆ జాబితా ప్రతి ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 103వ సెక్షను కూడా అదే చెబుతున్నది. ఆ ఇద్దరినీ కోస్తా కోర్టుల్లో మధ్యవర్తులని, వారి సమక్షంలో రాసే పత్రాన్ని మధ్యవర్తుల నివేదిక లేదా పంచనామా అని పిలుస్తారు. ఒక విషయం కోర్టు ముందుకు రావడానికే అర్హమా కాదా అన్న ప్రశ్న ఆమోదయోగ్యతకు సంబంధించినది. వచ్చిన తరువాత దాన్ని ఎంతవరకు నమ్మవచ్చునన్నది దాని విలువకు సంబంధించినది. ‘సాంకేతిక కారణాల’ వాదం ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే నిలబడుతున్నది.

సోదాలో చిన్న లోపం దొర్లినా మన కోర్టులు సాక్ష్యాన్ని బయటికి నెట్టేస్తాయన్న నమ్మకం వాస్తవానికి పూర్తిగా విరుద్ధం. అమెరికా సుప్రీంకోర్టు 1914లో ఫెడరల్ కోర్టులకు, 1961 నాటి మ్యాప్ కేసుతో రాష్ట్రాల కోర్టులకు, అక్రమ సోదాలో దొరికిన వస్తువును సాక్ష్యంగా వాడరాదన్న నియమం పెట్టింది. భారతదేశం ఆ దారి పట్టలేదు. కెన్యాలో సోదా జరిపే హోదా లేని పోలీసులు ఒక వ్యక్తి దగ్గర రెండు తూటాలు పట్టుకున్న కురుమా కేసులో, కేసుకు సంబంధించిన సాక్ష్యమైతే చాలు, అది ఎలా చేతికొచ్చిందన్నది ఆమోదయోగ్యతకు అడ్డు కాదని ప్రివీ కౌన్సిల్ 1955లో తీర్పు చెప్పింది. 1973లో పూరణ్‌మల్ కేసులో మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆదాయపు పన్ను సోదాల సందర్భంలో ఇంచుమించు ఆ దారినే నడిచింది. దానికి పదేళ్ల ముందు, ఒక తపాలా బంట్రోతు ఇంట్లో బట్వాడా కాని ఉత్తరాలు దొరికిన రాధాకిషన్ కేసులో, సోదా నియమాలను ఉల్లంఘించినంత మాత్రాన స్వాధీనం చెల్లకుండా పోదని, సాక్ష్యాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించవలసి మాత్రం వస్తుందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసులో ముద్దాయి గట్టెక్కింది సోదా లోపం వల్ల కాదు. ఉత్తరాలున్న బీరువా తాళం తండ్రి ఇచ్చాడు కనుక అవి ఒక్క ముద్దాయి అధీనంలోనే ఉన్నాయని తేలకపోవడం వల్ల.

దీనికి తోడు అప్పీలు కోర్టు చేతులు కట్టే నిబంధనలు రెండున్నాయి. విచారణలో జరిగిన పొరపాటు వల్ల నిజంగా న్యాయభంగం కలిగితే తప్ప తీర్పును తిరగదోడకూడదని పాత కోడ్ 465వ సెక్షను, నేటి సంహిత 511వ సెక్షను శాసిస్తాయి. స్వీకరించకూడని సాక్ష్యాన్ని కింది కోర్టు స్వీకరించినా, దాన్ని పక్కనబెట్టాక మిగిలిన సాక్ష్యం తీర్పుకు చాలినంత ఉంటే ఆ తీర్పు నిలుస్తుందని సాక్ష్య చట్టం 167వ సెక్షను, నేటి భారతీయ సాక్ష్య అధినియమం 169వ సెక్షను చెబుతాయి. ఇన్ని కట్టుబాట్ల మధ్య కూడా ఒక అప్పీలు కోర్టు శిక్షను రద్దు చేసిందంటే, లోపభూయిష్టమైన ఆ ఒక్క సాక్ష్యాన్ని తీసేసిన తరువాత కేసులో నమ్మదగినదేమీ మిగలలేదని అర్థం చేసుకోవాలి.

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూపడానికి గోదావరి డెల్టా అంచున పుట్టిన ఒక కేసును మించినది లేదు. భారత సాక్ష్య చట్టం చదివే ప్రతి విద్యార్థికీ పాకల నారాయణస్వామి కేసు పేరు తెలుసు గాని, దాని మూలం పిఠాపురంలో ఉందన్నది చాలామందికి స్ఫురించదు. పిఠాపురం దివాను దగ్గర జవానుగా పనిచేసిన సుమారు నలభై ఏళ్ల వ్యక్తి ఒకరు దివాను కుమార్తెకు, అంటే తరువాత ముద్దాయి అయిన నారాయణస్వామి భార్యకు, 1936లో విడతలు విడతలుగా 3,000 రూపాయలు నూటికి 18 వంతున ఏడాది వడ్డీకి అప్పిచ్చాడు. ఆ లావాదేవీలకు సంబంధించి ఆమె సంతకంతో ఉన్న ఉత్తరాలు, చీటీలు సుమారు యాభై అతని మరణానంతరం పిఠాపురంలోని అతని ఇంట్లోనే దొరికాయి. 1937 మార్చి 18న బరంపురం రమ్మని అతనికి సంతకం లేని ఉత్తరం వచ్చింది. నారాయణస్వామి భార్య రాసిందని, బాకీ తీసుకోవడానికి వెళుతున్నానని భార్యకు చెప్పి అతను మార్చి 20న రైలెక్కాడు. మార్చి 23 మధ్యాహ్నం బెంగాల్ నాగపూర్ రైల్వే శాఖా మార్గం చివరి స్టేషనైన పూరీలో, మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని ఒక ట్రంకులో, ఏడు ముక్కలుగా నరికిన శవం కనిపించింది.

ఏప్రిల్ 4న పోలీసులు నారాయణస్వామిని ప్రశ్నించి అరెస్టు చేశారు. మృతుడు మార్చి 21 సాయంత్రం తన ఇంటికి వచ్చి, రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు సాయంత్రం బండికి వెళ్లిపోయాడని అరెస్టుకు ముందు అతను పోలీసులకు చెప్పాడు. మృతుణ్ణి తన ఇంటితో ముడిపెట్టే ఆ మాట ప్రాసిక్యూషన్‌కు బంగారం వంటిది. దర్యాప్తులో పోలీసులకు ఎవరు చెప్పిన మాటైనా, ఆ చెప్పినవాడే తరువాత ముద్దాయి అయినా సరే, కోర్టులో సాక్ష్యంగా పనికిరాదని నాటి కోడ్ 162వ సెక్షను చెప్పింది కనుక ఆ మాటను స్వీకరించడం తప్పని లార్డ్ అట్కిన్ 1939 జనవరి 19న ప్రివీ కౌన్సిల్ తరఫున తీర్పు చెప్పారు. నేటి వ్యాఖ్యాతలు ఆ తీర్పును సగం చదివి ఆపితే, ఇదిగో సాంకేతిక కారణం, ఇదిగో తప్పించుకున్న హంతకుడు అని రాసేవారు. రెండో సగంలో జరిగింది వేరు. బరంపురం వెళుతున్నానని మృతుడు భార్యకు చెప్పిన మాట అతని మరణానికి దారితీసిన పరిస్థితులకు సంబంధించినది కనుక సాక్ష్య చట్టం 32వ సెక్షను కింద ఆమోదయోగ్యమేనని ప్రివీ కౌన్సిల్ అన్నది. ట్రంకు కొనుగోలు గురించి, దాన్ని జట్కాలో తరలించడం గురించి ఉన్న సాక్ష్యాన్ని, పిఠాపురం ఇంట్లో దొరికిన ఉత్తరాలను లెక్కలోకి తీసుకున్నది. పోలీసుల ముందు చెప్పిన మాటను తీసేసినా మిగిలినది శిక్షకు చాలునని తేల్చి అప్పీలును కొట్టివేసింది.

పూర్వపక్షం చెప్పే కథకు ఈ కేసు సూటిగా ఎదురు నిలుస్తుంది. నియమం కచ్చితంగా అమలైంది, పనికిరాని సాక్ష్యం బయటికి పోయింది, అయినా శిక్ష నిలబడింది. అలా నిలబడడానికి కారణం దర్యాప్తులో ఉత్తరాలు, పెట్టె, జట్కా, రైలు, వితంతువు మాట అనే వేర్వేరు దారులు ఉండడమే. ఒకే ఒక్క సాక్ష్యం మీద కట్టిన కేసు ఆ సాక్ష్యం కూలగానే కూలిపోతే, ఆ దోషం దాన్ని పరీక్షించిన న్యాయమూర్తిది కాదు, రెండో స్తంభం వేయని దర్యాప్తుది.

దీనికి తోడుగా చదవవలసినది పల్నాడు నుంచి వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. ముద్దాయి పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదన్న సాధారణ నియమానికి సాక్ష్య చట్టం 27వ సెక్షను ఒక మినహాయింపు ఇచ్చింది: అతను ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వాస్తవం బయటపడితే, ఆ బయటపడ్డ వాస్తవానికి సంబంధించినంత వరకు అతని మాటను వాడుకోవచ్చు. వాములో దాచిన బల్లేన్ని చూపిస్తానన్న ముద్దాయి, ఆ వాక్యంలోనే దానితో ఎవరిని పొడిచిందీ చెబితే, దాచిన చోటు గురించిన ముక్క మాత్రమే పనికివస్తుందని, పొడిచిన ముక్క పనికిరాదని ప్రివీ కౌన్సిల్ గీత గీసి, స్వీకరించకూడని భాగాలు పోగా మిగిలిన సాక్ష్యాన్ని మళ్లీ తూచమని కేసును మద్రాసు హైకోర్టుకు పంపింది. 1947లో ప్రచురితమైన ఆ తీర్పు నేటికీ దేశమంతటా ప్రమాణం. 27వ సెక్షను ఇప్పుడు సాక్ష్య అధినియమం 23వ సెక్షనులో చేరినా సూత్రం మారలేదు. పోలీసులు ముందే కనుక్కున్న కత్తిని ముద్దాయి చేత మళ్లీ ‘కనుక్కొనిపించి’ పంచనామా రాసే వీలును ఆ గీత మూసివేస్తుంది కనుకనే అది దర్యాప్తు అధికారులకు కంటగింపుగా ఉంటుంది.

ఇక నేటి ప్రధాన రంగమైన గంజాయి కేసులకు వద్దాం. చింతపల్లి, సీలేరు మన్యం నుంచి నర్సీపట్నం మీదుగా తుని, అన్నవరం, జగ్గంపేట, రాజానగరం వైపు, లేదా మారేడుమిల్లి, రంపచోడవరం, గోకవరం మీదుగా రాజమహేంద్రవరం వైపు సరుకు దిగుతుందన్నది ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. ఈ కేసులకు వర్తించే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సాధారణ నేర చట్టం కాదు. ఇరవై కిలోలు మించిన గంజాయి వాణిజ్య పరిమాణమవుతుంది. దానికి పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్ల వరకు సాగే కఠిన కారాగారం, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. బెయిలు దొరకడం దుర్లభం. అన్నిటికంటే ముఖ్యంగా, సరుకు అధీనంలో ఉన్నట్టు తేలితే నేరబుద్ధి ఉన్నదనే కోర్టు భావించాలని 35, 54 సెక్షన్లు చెబుతాయి. అంటే నేరాన్ని ప్రాసిక్యూషన్ ఋజువు చేయాలన్న సాధారణ సూత్రం తలకిందులై, తనకు తెలియదని ఋజువు చేసుకునే భారం ముద్దాయి మీద పడుతుంది.

ఇంత కఠినమైన చట్టం మొత్తం ఒకే ఒక్క ఘటన మీద, అంటే ఫలానా చోట, ఫలానా వేళ, ఫలానా మనిషి దగ్గర సరుకు దొరికిందన్న వాంగ్మూలం మీద ఆధారపడి ఉంది. హత్యకు శవం ఉంటుంది, దొంగతనానికి సొత్తు పోగొట్టుకున్నవాడు ఉంటాడు. గంజాయి కేసులో ఫిర్యాదుదారు, ప్రత్యక్షసాక్షి, వస్తువు దొరికిన చోటును నిర్ణయించేవాడు అన్నీ సోదా చేసిన అధికారి బృందమే. ‘వస్తువు అబద్ధమాడదు’ అన్న సామెత వంటి మాట ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే మూట తనంతట తాను నోరు విప్పదు. అది సీటు కింద ఉన్నదో, క్లీనరు ఒళ్లో ఉన్నదో, స్టేషను మాల్‌ఖానాలో ఉన్నదో చెప్పేది మనిషే. వస్తువును మనిషితో కలిపే ఆ ముడి పేరే సాక్ష్యం. ఆ ముడిని కట్టే పద్ధతినే చట్టం నియమాలుగా రాసింది.

ఆ నియమాలు ఎంత కొద్దిగా ఉన్నాయో చూస్తే పూర్వపక్షంలోని రెండో అంశం నిలవదు. ఒంటిని సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు నీకున్నదని ముద్దాయికి చెప్పాలని 50వ సెక్షను అంటుంది. అది విధిగా పాటించవలసినదని బల్‌దేవ్ సింగ్ కేసులో 1999లో, మరింత కచ్చితంగా విజయ్‌సింగ్ జడేజా కేసులో 2010లో రాజ్యాంగ ధర్మాసనాలు చెప్పాయి. కాని ఈ నియమం ఒంటి సోదాకే పరిమితమని, సంచికి, పెట్టెకు, వాహనానికి వర్తించదని పవన్ కుమార్ కేసులో 2005లోనే తేలిపోయింది. అంటే లారీ అడుగున బస్తాలు దొరికిన కేసుల్లో, కారు డిక్కీలో పొట్లాలు దొరికిన కేసుల్లో, పూర్వపక్షం తరచూ నిందించే 50వ సెక్షనుకు అసలు చోటే లేదు. ముందస్తు సమాచారాన్ని కాగితం మీద పెట్టి పై అధికారికి 72 గంటల్లో పంపాలన్న 42వ సెక్షను విషయంలోనూ, అత్యవసరంలో ఆలస్యమైతే తగిన వివరణ ఇస్తే చాలునని, బొత్తిగా పాటించకపోవడాన్ని మాత్రమే సహించబోమని కర్నైల్ సింగ్ కేసులో 2009లో రాజ్యాంగ ధర్మాసనం అన్నది. టార్చిలైటు పట్టుకున్న సబ్‌ఇన్‌స్పెక్టరు ఇబ్బందిని కోర్టులు ఇంతకంటే సానుభూతితో అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

ఆ తరువాతి దశ నమూనాలది. గంజాయి నుంచి ఒక్కోటి 24 గ్రాముల చొప్పున రెండు నమూనాలు తీసి, సీలు వేసి, ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపాలి. 52ఎ సెక్షను ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీసి, జాబితాను ధ్రువీకరింపజేయాలని మోహన్‌లాల్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ కూడా, 52ఎ పాటించనంత మాత్రాన కేసు కూలదని, స్వాధీనం మీదనే అనుమానం కలిగితే తప్ప శిక్షకు అడ్డు లేదని భరత్ ఆంబలే కేసులో 2025 జనవరిలో అదే కోర్టు వివరించింది. ఫిర్యాదు చేసిన అధికారే దర్యాప్తు చేస్తే కేసు చెల్లదని 2018లో పెట్టిన నియమం నిజంగానే యాంత్రికంగా ఉందని గుర్తించి, 2020లో ముకేశ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తొలగించింది. నియమం వెనుక ప్రయోజనం లేనప్పుడు కోర్టులే దాన్ని సవరించుకుంటున్నాయనడానికి ఇదే నిదర్శనం.

కళ్లంలో ధాన్యం తూచేటప్పుడు కాటా సరిచూడమని అడిగిన రైతును సాంకేతిక కారణాలు వెతుకుతున్నాడని ఎవరూ నిందించరు. కాటా తప్పయితే బస్తా బరువు గురించి చెప్పిన అంకె తప్పవుతుందని డెల్టాలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. సీలు, తేదీ, సంతకం, మాల్‌ఖానా రిజిస్టరు నమోదు నేర విచారణలో ఆ కాటా పనే చేస్తాయి.

ఆచరణలో కాటా ఎలా తప్పుతుందో దగ్గరగా చూస్తే విషయం మరింత తేటపడుతుంది. చుట్టుపక్కల నివసించేవారిని పిలవాలని చట్టం చెబుతుండగా, మధ్యవర్తులుగా వచ్చేది తరచూ వీఆర్వోలే, ఒకప్పుడు కరణం, మునసబు వచ్చినట్టుగా. ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన అతని మాట చెల్లకుండా పోదు గాని, పై నుంచి కబురు వస్తే రాననలేని స్థితిలో ఉన్నవాడు ఎంతవరకు స్వతంత్రుడన్న ప్రశ్న మిగులుతుంది. నివేదికల్లో ఊరు, తేదీ, బరువు మినహా వాక్యాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ముద్దాయి పారిపోబోగా వెంబడించి పట్టుకున్నామని, అడగగా తానే నేరం ఒప్పుకున్నాడని, మేజిస్ట్రేటు అక్కర్లేదన్నాడని అన్నిట్లోనూ ఒకే వరసలో ఉంటుంది. కొన్నేళ్ల తరువాత బోనెక్కిన మధ్యవర్తి, సంతకం తనదేనని, అయితే అది స్టేషనులో పెట్టానని, సరుకు బల్ల మీద చూశానని క్రాస్ ఎగ్జామినేషనులో చెబుతాడు. సీలు మీది అక్షరాలు ప్రయోగశాల నివేదికలోని వాటితో సరిపోవు, లేదా నమూనాలు స్టేషను వదిలిన తేదీకీ ప్రయోగశాల చేరిన తేదీకీ మధ్య వారాల తేడా ఉంటుంది, ఆ మధ్యకాలంలో అవి ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పేవాడు ఉండడు. వీటిలో ఒక్కొక్కటీ వేరుగా చూస్తే చిన్న లోపమే. అన్నీ కలిస్తే, ప్రయోగశాలలో గంజాయిగా తేలిన ఆకు ఈ ముద్దాయి దగ్గర దొరికిన ఆకేనా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. జవాబు లేని ఆ ప్రశ్న మీద పదేళ్ల శిక్ష నిలబడాలని కోరడం కఠినత్వం అనిపించుకోదు, అలక్ష్యం అనిపించుకుంటుంది.

జనం మధ్యవర్తులుగా రావడానికి ఇష్టపడరన్నది పోలీసు శాఖ నుంచి వచ్చే సమాధానం. అందులో నిజం ఉంది. ఒకసారి సంతకం పెడితే వాయిదా వాయిదాకూ పని మానుకుని కోర్టు చుట్టూ తిరగాలన్న భయం కూలివాడికీ కొట్టువాడికీ ఉంటుంది. అయితే లిఖితపూర్వకంగా పిలిచినా సరైన కారణం లేకుండా రానివారి మీద చర్య తీసుకునే అధికారం చట్టంలోనే ఉంది. ఎవరెవరిని పిలిచారో, ఎవరు ఎందుకు కాదన్నారో నాలుగు వాక్యాలు రాసి ఉంచినా కోర్టులు తృప్తి పడుతున్నాయి. ఆ నాలుగు వాక్యాలు కూడా రాయని చోటనే అనుమానం మొదలవుతుంది.

మూడో అంశం అప్పీలు కోర్టు పరిధికి సంబంధించినది. శిక్ష పడినవాడు చేసుకునే తొలి అప్పీలు దయాభిక్ష కాదు. అందులో హైకోర్టు చట్టాన్నే గాక వాస్తవాలను కూడా తిరిగి తూచవలసి ఉంటుంది. సాక్షి ముఖకవళికలు చూసే అవకాశం సెషన్స్ జడ్జికే ఉన్నదన్న మాట ప్రత్యక్షసాక్షుల కేసుల్లో బరువైనదే గాని, సోదా కేసుల్లో వివాదం ముఖకవళికల మీద ఉండదు. నివేదిక వేళకూ ఎఫ్‌ఐఆర్ వేళకూ పొంతన ఉందా, జాబితాలోని బరువుకూ కోర్టు ముందుకు తెచ్చిన బరువుకూ తేడా ఎందుకు వచ్చింది, రిజిస్టరులో నమోదు ఉందా అన్నవి కాగితాన్ని చదివి తేల్చే ప్రశ్నలు. కాగితాన్ని చదవడంలో రాజమహేంద్రవరంలో కూర్చున్న జడ్జికి లేని లోపం అమరావతిలో కూర్చున్న జడ్జికి ఎలా వస్తుంది? పై కోర్టు అలా చదవకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ ప్రాంతపు జైలే సాక్షి. విజయవాడ హాస్టలులో 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో 2008లో అరెస్టయి, 2010లో శిక్షపడిన యువకుణ్ణి 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా ప్రకటించి, దర్యాప్తు తీరును తప్పుపట్టింది. రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం నుంచి అతను బయటికి వచ్చేసరికి అరెస్టయి ఎనిమిదేళ్లు దాటింది. మరుసటి ఏడాది అదే హైకోర్టు ఆ హత్యపై తిరిగి దర్యాప్తు చేయమని సీబీఐని ఆదేశించింది. బలహీనమైన సాక్ష్యంతో ఒకరికి శిక్ష వేయడం వల్ల ఆ ఒక్కడే నష్టపోడు. అసలు దోషిని వెతకడం ఆనాడే ఆగిపోతుంది, కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు మొదటికి వచ్చి నిలబడతారు.

సోదా నియమాలు నేరస్థుల కోసమే ఉన్నాయన్న అభిప్రాయం కూడా సరికాదు. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ ద్వారా, సుంకం ఎగవేత బయటపడుతుందనుకుంటే కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకుల్లోకి ప్రవేశించి ఖాతాదారుల పత్రాలు పరిశీలించి తీసుకుపోవచ్చునన్న అధికారం ఏర్పడింది. ఏ కారణంతో, ఎవరు, ఏ హద్దులో అన్న కట్టుబాటు లేని ఆ సెక్షనును రాష్ట్ర హైకోర్టు కొట్టివేయగా, కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించి, బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన పత్రాల మీద ఖాతాదారుకున్న గోప్యత పోదని తేల్చింది. సోదాకు రాజ్యాంగంలో అడ్డు లేదన్న 1954 నాటి ఎం.పి.శర్మ తీర్పులోని గోప్యతా వ్యాఖ్యలను 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చి, గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. బ్యాంకు లాకరులో దస్తావేజు దాచుకున్న రైతుకు, ఫోనులో కుటుంబ విషయాలు దాచుకున్న ఉద్యోగికి రక్షణగా నిలిచేది, గంజాయి ముద్దాయి అప్పీలులో వాదించే ఆ సూత్రమే. ఒకరి విషయంలో దాన్ని సాంకేతికమని కొట్టిపారేసి, మరొకరి విషయంలో హక్కుగా కోరడం కుదరదు.

కొత్త సంహిత 105వ సెక్షను ఈ వివాదాన్ని చాలావరకు తీర్చగల సాధనాన్ని చేతికిచ్చింది. సోదా మొదలు జాబితా రాసి సాక్షులు సంతకాలు చేసేవరకు మొత్తం తంతును, వీలైతే సెల్‌ఫోనుతోనే, దృశ్య శ్రవణ రికార్డింగు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని అది ఆదేశిస్తుంది. వారంటు లేకుండా చేసే సోదాకు రాసుకున్న కారణాలను 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేర్చాలని 185వ సెక్షను గడువు పెట్టింది. నిజాయితీగా సోదా చేసే అధికారికి ఇంతకంటే మంచి మిత్రుడు లేడు. మధ్యవర్తి ఎదురు తిరిగినా దృశ్యం ఎదురు తిరగదు. ప్రతి పోలీసు జేబులోనూ కెమెరా ఉన్న రోజుల్లో, అర్ధరాత్రి రహదారి మీద అది సాధ్యం కాదన్న వాదానికి కూడా కాలం చెల్లింది. ఇక ముందు రికార్డింగు లేని సోదా అప్పీలుకు వచ్చినప్పుడు, అది ఎందుకు లేదన్న ప్రశ్నను సాంకేతికమని కొట్టిపారేయడం ఇంకా కష్టమవుతుంది.

నేరస్థులెవరూ లోపాలను ఆసరా చేసుకుని తప్పించుకోవడం లేదని ఈ వ్యాసం చెప్పడం లేదు. తప్పించుకునేవారు ఉన్నారు, మూట మోసిన కూలివాడు జైల్లో ఉండగా మూట యజమాని పేరు కూడా అభియోగపత్రంలోకి ఎక్కని కేసులూ ఉన్నాయి. ఆ రెంటికీ మందు ఒకటే, దర్యాప్తు మెరుగుపడడం. కోర్టు కళ్లు మూసుకోవడం కాదు. నియమాన్ని సడలిస్తే లాభపడేది నిజాయితీగల అధికారి కాదు, సోదా చేయకుండానే నివేదిక రాయగలిగిన అధికారి.

కాబట్టి చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ప్రతి స్టేషనులోనూ 105వ సెక్షను రికార్డింగును మినహాయింపు లేని అలవాటుగా మార్చి, దాని ప్రతిని ముద్దాయికి తొలి దశలోనే ఇవ్వాలి. మధ్యవర్తులుగా వచ్చే సామాన్యులకు రానుపోను ఖర్చులు, కూలి నష్టం చెల్లించి, వారి సాక్ష్యాన్ని ఒకే వాయిదాలో ముగించాలి. అప్పీళ్లలో శిక్షలు రద్దయిన కేసుల తీర్పులను జిల్లా పోలీసు శిక్షణలో పాఠాలుగా చదివించాలి. పత్రికలు తమ వంతుగా ‘సాంకేతిక కారణాలతో విడుదల’ అన్న శీర్షికను మానుకుని, ఏ సాక్ష్యం ఎందుకు నిలవలేదో రెండు వాక్యాల్లో రాయాలి. ఋజువు కాని నేరానికి శిక్ష రద్దు చేసిన కోర్టు తన పని తాను చేసింది. జవాబు చెప్పవలసినది ఋజువు తేవలసినవారే.